అప్పు ఎవరిది, ఇష్టం ఎవరిది?

ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటే అందరికీ మేలు జరుగుతుందని స్వేచ్ఛా మార్కెట్ చెబుతుంది. యాదగిరిగుట్ట కింద పూలూ కొబ్బరికాయలూ అమ్ముకునే స్త్రీ వైపు నుంచి ఈ మాటని చదివితే ఎలా ఉంటుంది? పొద్దున్నే సరుకు తేవడానికి ఆమెకి పెట్టుబడి కావాలి. బ్యాంకు హామీ అడుగుతుంది. ఆమె పేర భూమీ లేదు, ఇల్లూ లేదు. సూక్ష్మరుణ సంస్థ హామీ అడగదంటారు కానీ అది సగం నిజమే. పక్కింటి ఆడవాళ్ళే ఆ హామీ. ఒకరు కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలి. వడ్డీ సంస్థది, కాపలా పని ఆడవాళ్ళది. ఇంటిచాకిరీకి లాగే ఈ పనికీ జీతం లేదు.

2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు స్టాక్ మార్కెట్‌కి ఎక్కాయి. అదే ఏడాది, వసూళ్ళ వేధింపులు భరించలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాయి. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. బలవంతపు వసూళ్ళు కూడదంది. వడ్డీ అసలును మించకూడదంది. మరో అప్పు ఇవ్వాలంటే అధికారి అనుమతి ఉండాలంది.

స్వప్రయోజనానికి పెద్దదిక్కుగా చెప్పుకునే ఆడమ్ స్మిత్ కూడా 1776లో వడ్డీకి చట్టం హద్దు పెట్టడాన్ని సమర్థించాడు. దాన్ని 1787లో బెంథామ్ ఖండించాడు. బుద్ధీ వయసూ ఉన్న మనిషి తనకి నచ్చిన షరతులకి అప్పు తెచ్చుకుంటే అడ్డుకోడానికి మీరెవరన్నాడు. ఈ ప్రశ్నని స్త్రీవాదులం తేలిగ్గా తోసిపుచ్చలేం. 'నీ మేలు నీకు తెలీదు' అన్న మాట మనం తరతరాలుగా వింటున్నదే. అధికారి అనుమతిలో ఆ గొంతు వినిపించడం లేదూ? పైగా పొదుపు సంఘాల ద్వారా ప్రభుత్వం కూడా అప్పులిప్పిస్తోంది. అది నిష్పక్షపాతి ఎలా అవుతుంది?

ఆ తర్వాత రాష్ట్రంలో వసూళ్ళు ఆగాయి, కొత్త అప్పులూ ఆగాయి. ఇక్కడ దెబ్బతిన్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. అలాంటి జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్‌ల పరిశోధన (2021) చూపించింది. మార్కెట్‌ని వదిలేసినా, ఒక్కసారిగా బిగించినా దెబ్బ పడింది పేదల మీదే.

కాబట్టి నియంత్రణ ఉండాలా వద్దా అన్నది కాదు అసలు ప్రశ్న. ఎవరి చేతులు కట్టాలన్నది ప్రశ్న. అప్పు తీసుకునే స్త్రీ నిర్ణయాన్ని కాదు, ఇచ్చేవాడి నడవడిని అదుపు చెయ్యాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలతో వసూలు చేస్తాడో చట్టం చూడాలి. పక్కింటామెని జామీనుగా వాడుకోవచ్చా అనీ అడగాలి.

రిజర్వు బ్యాంకు 2022లో వడ్డీ పరిమితి ఎత్తేసి, కిస్తీలన్నీ కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటకూడదంది. లెక్కలో ఉన్నది కుటుంబం. భర్త సంపాదన కూడా ఆ లెక్కలోకి వస్తుంది. అది ఆమె చేతికి వస్తుందా అని ఎవరూ అడగరు. సంతకం ఆమెది, పరువు పోయేదీ ఆమెదే. స్వప్రయోజనం గురించి మాట్లాడేముందు ఆ 'స్వ'లో ఆమె ఉందో లేదో తేల్చాలి.