ఏనుగును చూడబోయే ముందు

అడవి జంతువును చూడటానికి పోవడంలో తప్పొప్పుల ప్రశ్న ఏముంటుందని చాలామంది అనుకుంటారు. టికెట్ కొంటాం, జీపు ఎక్కుతాం, కనబడితే చూస్తాం, కనబడకపోతే తిరిగి వస్తాం. ఇందులో ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. మరి ఆలోచించాల్సింది ఏముంది? ఉందనే మేము అనుకుంటున్నాం. గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకుంటున్న మన పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను ఒకసారి ఎదురుగా పెట్టుకుని కూర్చోవాలని కోరుతున్నాం.

మేము చొప్పదండి చుట్టుపక్కల బతుకుతున్న గిరిజనులం. మాలో నాయకపోళ్లు, లంబాడీలు ఉన్నారు. ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన గోండులు, కోలాములు ఉన్నారు. ఇక్కడి నుంచి ధర్మారం మీదుగా పోయి రాయపట్నం దగ్గర గోదావరి దాటితే లక్సెట్టిపేట, ఆ తర్వాత జన్నారం. అక్కడే కవ్వాల్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది. చుక్కల దుప్పులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, అదృష్టం ఉంటే చిరుతపులి కనబడతాయి. ఏనుగు మాత్రం కనబడదు. ఏనుగులను చూడాలన్న పిల్లలను కాళేశ్వరం వంతెన దాటించి, సిరొంచ మీదుగా గడ్చిరోలి జిల్లా కమలాపూర్‌కు తీసుకుపోవాలి. అక్కడ అటవీశాఖ వారి ఏనుగుల శిబిరం ఉంది. అవి మచ్చికైన ఏనుగులు, ఒకప్పుడు కలప మొద్దులు లాగడానికి పెంచినవి. అడవి ఏనుగులే కావాలంటే చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం దాకా పోవాలి. ఏనుగు మన దగ్గర లేదు, ఎక్కడో దూరాన ఉంది అనే అనుకుంటూ వచ్చాం.

2024 ఏప్రిల్‌లో ఆ లెక్క తప్పింది. గడ్చిరోలి వైపు నుంచి ఒక ఒంటరి ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఏప్రిల్ 3న చింతలమానేపల్లి మండలం బూరెపల్లిలో మిర్చి తోటలో పని చేసుకుంటున్న రైతును చంపింది. మరునాడు తెల్లవారుజామున పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పొలానికి పోయిన ఇంకో రైతును చంపింది. ఆ తర్వాత వచ్చిన దారినే నది దాటి వెళ్లిపోయింది. ఆ రెండు ఊళ్లవాళ్లు ఏనుగును చూడటానికి ఎక్కడికీ పోలేదు. ఏనుగే వాళ్ల చేలలోకి వచ్చింది.

ఇక్కడే మా ప్రశ్న మొదలవుతుంది. ఒకే జంతువు. దాన్ని చూడటానికి డబ్బు పెట్టి పోయేవాళ్లు ఉన్నారు, దాని కంటబడి ప్రాణం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. మొదటివాళ్లకు దొరికే ఆనందానికీ, రెండోవాళ్లకు జరిగే నష్టానికీ ఏమైనా సంబంధం ఉందా?

మాకు ఉందనే కనిపిస్తుంది. ఏనుగు బతకాలంటే అడవి కావాలి. పెద్ద ఏనుగు రోజుకు నూటయాభై కిలోల దాకా మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. అందుకే ఒక్కచోట నిలవదు, నడుస్తూనే ఉంటుంది. మందకు పెద్ద ఆడ ఏనుగు దారి చూపుతుంది. మగ పిల్ల ఈడుకు రాగానే మందను విడిచి ఒంటరిగా తిరుగుతుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల్లో బొగ్గు గనులు, రోడ్లు పెరిగి ఈ నడక దారులు తెగిపోయాయి. 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఒక మంద గడ్చిరోలికి చేరింది. ప్రాణహిత ఇవతలి గట్టు ఇంకో రాష్ట్రమని దానికి ఎవరు చెప్తారు? గనుల బొగ్గుతో వెలిగే దీపాలు పట్నాల్లో ఉన్నాయి, మా చొప్పదండి ఇళ్లలోనూ ఉన్నాయి. ఏనుగు బొమ్మను ఫోనులో చూసి మురిసిపోయేది కూడా ఆ కరెంటుతోనే. వెలుగు అందరికీ వచ్చింది. ఏనుగు మాత్రం అడవి అంచున సేద్యం చేసుకునేవాళ్ల చేలోకి వచ్చింది.

ఏనుగును ఎవరు ఎట్లా చూశారో కొంచెం వెనక్కి పోయి చూద్దాం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఏనుగుల వనాల గురించి ఉంది. ఏనుగును చంపినవాడికి మరణశిక్ష వేయాలని అందులో రాశారు. అది ఏనుగు మీద ప్రేమతో రాసింది కాదు, రాజుకు యుద్ధంలో ఏనుగులు కావాలి కాబట్టి రాసింది. ఆ వనాలను కాపలా కాయడానికి మాత్రం అడవిలో తిరిగేవాళ్ల సాయమే తీసుకున్నారు. 1310లో ఓరుగల్లు ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు అప్పగించిన సంపదలో ఏనుగులు కూడా ఉన్నాయి. రాజులకు ఏనుగు ఆయుధం, కానుక. తర్వాత కలప కంట్రాక్టర్లకు అది మొద్దులు లాగే బలం. ఇప్పుడు టూరిస్టుకు అది ఒక దృశ్యం. ముగ్గురి అవసరం వేరు. కానీ ముగ్గురూ బయటి నుంచి వచ్చి తమకు కావలసింది తీసుకుని వెళ్లినవాళ్లే.

మన పెద్దలు అడవి నుంచి ఏమీ తీసుకోలేదని మేము అనటం లేదు. వేటాడారు, పోడు కొట్టారు, ఇప్పపూలు ఏరుకున్నారు, తునికాకు కోశారు. చంద్రపూర్ కోట దర్వాజాల మీద ఏనుగును అణచిన సింహం బొమ్మ ఉంది, అది గోండు రాజుల గుర్తు. మనవాళ్లకూ రాజ్యాలున్నాయి, గొప్పలున్నాయి. కానీ మన గూడేల్లో ఒక నియమం ఉంది. కొత్త పంట వచ్చినా, కొత్త కాయ వచ్చినా ముందు దేవతకు పెట్టి, కొత్తలు జరుపుకుని, ఆ తర్వాతే నోట పెడతాం. ఒక్కో ఇంటి పేరుకు, గోత్రానికి తగ్గట్టు కొన్ని జంతువులను, కొన్ని చెట్లను ముట్టకుండా విడిచిపెడతాం. ఈ నియమం వెనుక ఉన్న మాట ఒక్కటే. తీసుకునే ముందు పెట్టాలి.

చూపు కూడా తీసుకోవడమే అని మేమంటున్నాం. అడవికి పోయి జంతువును చూసి, ఫొటో తీసుకుని, సంతోషం నింపుకుని వచ్చినవాడు ఉత్త చేతులతో రాలేదు. అతని చూపు కోసం ఎవరో దారి విడిచారు, ఎవరో పంట పోగొట్టుకున్నారు, ఎవరో ఊరు ఖాళీ చేశారు. 2024లో కవ్వాల్ కోర్ ప్రాంతంలోని మైసంపేట, రాంపూర్ గూడేలను కడెం మండలం కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. రోడ్డు, కరెంటు, బడి, దవాఖాన కావాలని ఆ కుటుంబాలు కోరుకోవడం న్యాయమే. అయితే ఆ అడవికి రేపు జీపులో వచ్చే మనిషికి ప్రకృతి ప్రేమికుడని పేరు వస్తుంది. అక్కడే పుట్టి పెరిగినవాణ్ని మాత్రం నిన్నటిదాకా ఆక్రమణదారుడని అన్నారు. ఒకే నేల మీద ఇద్దరికి ఇట్లా రెండు పేర్లు పెట్టడం న్యాయం కాదు.

2025 మే 30న ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కవ్వాల్‌కూ మహారాష్ట్రలోని తాడోబాకూ మధ్య పులుల దారిగా ఉన్న అడవులను కుమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తామంది. ఆదివాసులు వద్దన్నారు, ఆందోళనలు జరిగాయి, జూలైలో ఆ జీవోను నిలిపివేశారు. జల్ జంగల్ జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం పేరు పెట్టి, ఆ అడవి మనుషులను అడగకుండా కాగితం మీద గీత గీయడం మనసును నొప్పించింది. అందుకే వద్దన్న గొంతులతో మేమూ గొంతు కలిపాం.

కానీ ఇక్కడ ఆగిపోతే మన ఆలోచన సగమే అవుతుంది. మన యువకుల్లో కొందరు, జంతువు ఉంటే మనకు భూమి ఉండదు, కాబట్టి జంతువే ఉండొద్దు అంటున్నారు. వాళ్ల కోపం మాకు తెలుసు. ఆ మాటతో మాత్రం ఏకీభవించలేం. పంట కాపాడుకుంటామని చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ తీగలకు అడవిపందులతో పాటు పులులు చచ్చాయి, పక్క చేను మనుషులు చచ్చారు. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేసారి చనిపోయాయి. ఒడిశా వైపు నుంచి వచ్చి సవరలు, జాతాపులు ఉండే కొండల పక్కన తిరుగుతూ వచ్చిన మందలోవి అవి. బూరెపల్లి రైతు ఇంటి దుఃఖం ఎంత నిజమో, ఆ మందలో మిగిలిన ఏనుగుల దుఃఖం అంత నిజం కాదని చెప్పగలమా? ఏనుగు తన పిల్లను దాదాపు ఇరవై రెండు నెలలు కడుపులో మోస్తుంది. చచ్చిన తోటి ఏనుగు దగ్గర నిలబడి తొండంతో తడుముతుంది. దానికి బాధ తెలియదని అనడానికి మనకు నోరు రాదు.

మరి దారి ఏది? 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం పట్టాల కోసమే చదువుతాం. దాని 5వ సెక్షన్ కూడా చదవాలి. వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఆ సెక్షన్ ఇచ్చింది. 4వ సెక్షన్‌లో, వన్యప్రాణుల కీలక ఆవాసం కోసం హక్కులను మార్చాలన్నా, మనుషులను తరలించాలన్నా ముందు హక్కులు గుర్తించాలని, గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలని ఉంది. అంటే అడవి మీద హక్కు ఉన్నవాడే దాని కావలి కూడా. ఒకటి విడిచి రెండోది అడగడం కుదరదు. అడవిశాఖ కావలి పని మనకు చెప్పి హక్కును పక్కన పెట్టినా తప్పే. మనం హక్కు అడిగి కావలి పని మరిచినా తప్పే.

ఈ దృష్టితో చూస్తే మన పిల్లల టూరు కూడా మారాలి. జన్నారానికో, కమలాపూర్‌కో, ఇంకా దూరంలోని కౌండిన్యకో పిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులకు మా మనవి ఇది. జీపు ఎక్కే ముందు ఒక పూట అడవి అంచు ఊరిలో ఆగండి. రాత్రి మంచె మీద కావలి ఉండే రైతుతో పిల్లలను మాట్లాడించండి. పంట పోతే పరిహారం ఎన్ని రోజులకు చేతికి వస్తుందో వాళ్లనే అడగమనండి. కౌండిన్య వైపు ఊళ్లలో అయితే చెప్పడానికి చాలా ఉంటుంది. అక్కడి అడవుల్లో చాలా కాలం ఏనుగులు లేవు, 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చాయి. 1990లో ఆ అడవిని అభయారణ్యం చేశారు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. అయినా చెరుకు, అరటి, వరి పొలాల్లోకి ఏనుగులు వస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్లుగా ఏనుగుతో పొరుగు నెరుపుతున్న ఆ రైతులకు తెలిసిన సంగతులు మన ప్రాణహిత ఊళ్లకు రేపు అక్కరకొస్తాయి.

అడవిలోకి పోయాక ఇంకో సంగతి చెప్పండి. ఏనుగుకు చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. మనం దాన్ని చూడకముందే గాలి వాటాన అది మనల్ని తెలుసుకుంటుంది. అది చెవులు విప్పి నిలబడిందంటే దగ్గరికి రావద్దని చెప్తున్నట్టు. ఆ మాట వినాలి. ఫోను పట్టుకుని ఇంకో పది అడుగులు ముందుకు పోవడం ధైర్యం అనిపించుకోదు. కనబడకపోతే టికెట్ డబ్బులు దండగ అనుకోవద్దని కూడా చెప్పండి. కనబడకుండా ఉండటం దాని హక్కు.

తిరిగి వచ్చాక పిల్లలతో వ్యాసం రాయించేటప్పుడు "నేను ఏమి చూశాను" అని మాత్రమే రాయించకండి. "నేను చూడటానికి ఎవరు ఏమి ఇచ్చారు, నేను ఏమి ఇవ్వగలను" అని కూడా రాయించండి. ఒక పిల్లవాడు కరెంటు తీగలు పెట్టొద్దని ఇంట్లో చెప్తానని రాయవచ్చు. ఒక పిల్ల గ్రామసభలో కూర్చుని అడవి సంగతి అడుగుతానని రాయవచ్చు. ఇంకొకరు చదివి అడవి ఆఫీసరై, గూడెం మాట విన్న తర్వాతే గీత గీస్తానని రాయవచ్చు.

ప్రాణహిత ఎండాకాలంలో చాలాచోట్ల నడిచి దాటేటంత పలుచబడుతుంది. ఆ ఏనుగు మళ్లీ రావచ్చు, దాని వెనుక మంద రావచ్చు. అప్పుడు ఆ గట్టు ఊళ్లకు చెప్పడానికి మన దగ్గర ఒక మాట, చేయడానికి ఒక పని సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధం చేసుకోవడం ఈ ఏడు మన బడుల్లో, మన గ్రామసభల్లో మొదలుపెడదాం.