లెక్క తప్పని జూదము

జూదమును ఖండించుట మనకు సులభము. జూదరి వివేకహీనుడనియు, అదృష్టమును నమ్ముకొని ఇల్లు గుల్ల చేసికొనువాడనియు చెప్పి ముగింతుము. కాని వివేకముతో ఆడు జూదరి ఎదురైనప్పుడు ఏమి చెప్పవలెను? అమెరికాలో ఉద్యోగము చేయు నా మేనల్లుడు ఒకమారు సెలవులకు వచ్చి ఈ ప్రశ్ననే నా ముందుంచెను. "మామయ్యా, నేను అదృష్టమును నమ్మను, లెక్కను నమ్ముదును" అనెను.

అతడు చెప్పినది బ్లాక్‌జాక్ అను పేకాటను గూర్చి. చేతిలోని ముక్కల మొత్తము 21 దాటకుండ, పంచువాని మొత్తముకంటె ఎక్కువ రాబట్టుటయే ఆట. 1931లో జూదమును చట్టబద్ధము చేసిన నెవాడా రాష్ట్రపు క్యాసినోలలో ఇది ప్రసిద్ధము. నియమములు అనుకూలముగా నున్నచోట, ఏ ముక్కకు ఏమి చేయవలెనో తప్పక పాటించు ఆటగానినుండి క్యాసినోకు సగటున మిగులునది 100 డాలర్ల పందెమునకు సుమారు అర డాలరు మాత్రమే. ఎడ్వర్డ్ థార్ప్ అను గణితశాస్త్రజ్ఞుడు కంప్యూటరు సాయముతో లెక్కగట్టి, వాడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనినచో ఆ మొగ్గు ఒక్కొక్కప్పుడు ఆటగాని వైపునకే తిరుగునని 1962లో వెలువడిన తన గ్రంథమున చూపెను. పెద్ద ముక్కలు ఎక్కువగా మిగిలియున్నప్పుడు పందెము పెంచవలెను; లేనప్పుడు తగ్గించవలెను. ఎంత ఒడ్డవలెనన్నదానికి 1956లో జాన్ కెల్లీ ప్రకటించిన సూత్రమున్నది: ఉన్న ధనములో, ఆ మొగ్గునకు తగిన చిన్న భాగమునే ఒడ్డవలెను.

ఓడినప్పుడెల్ల పందెమును రెట్టింపు చేయు పద్ధతి మరియొకటి కలదు. 10 డాలర్లతో మొదలిడి వరుసగా ఏడుమారులు ఓడినవాడు 1,270 డాలర్లు పోగొట్టుకొనును. ఎనిమిదవమారు 1,280 ఒడ్డవలెను. అది గెలిచినను తుదకు మిగులునది పదియే. పైగా బల్లమీద పందెమునకు పరిమితి యుండును గనుక ఆ యవకాశము సహితము దొరకకపోవచ్చును.

నా మేనల్లుడు అట్టివాడు కాడు. ఆటకు వేరుగా సొమ్ము తీసిపెట్టును. అది అయిపోయినచో లేచిపోవును. ప్రతి డాలరునకు లెక్క వ్రాయును. ఆ పుస్తకము చూచి నేను సిగ్గుపడితిని. నా జీతమునకు నేనెన్నడు అంత లెక్క వ్రాసితిని? లూకా సువార్తలోని అన్యాయపు గృహనిర్వాహకుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. యజమానుడు అతని యుక్తిని మెచ్చెనే గాని అతని అన్యాయమును న్యాయమనలేదు. మనము గృహనిర్వాహకుడని తెనిగించు గ్రీకు పదములోను ఇల్లు అను మాట యున్నది. ఇంటివారికి వేళకు ఆహారము పెట్టుటకే అతనికి అధికార మియ్యబడినది. కావున లెక్క సరిపోయినంత మాత్రమున నిర్వాహకత్వము సరియైనదని చెప్పజాలము.

అంతట నేనడిగితిని: "నాయనా, నీవు గెలిచిన సొమ్ము ఎవరిది?"

"క్యాసినోది."

"క్యాసినోకు ఎక్కడనుండి వచ్చినది?"

అతడు మాటాడలేదు. లెక్క తెలిసినవాని కొరకు ఏ క్యాసినోయు బల్ల వేయదు; వానిని గుర్తించినచో ఆటనుండి తొలగింపజూచును. అచ్చటి దీపములు వెలుగునది, ప్రక్క కుర్చీలో కూర్చుండి రెట్టింపులు ఒడ్డువాని సొమ్ముతోనే. వాని ఇంటి అద్దె, వాని బిడ్డల చదువు ఆ బల్లమీదుగా కొంత క్యాసినోకు, కొంత నా మేనల్లునికి చేరుచున్నవి. రైతు ధాన్యమిచ్చి ధనము పుచ్చుకొనును. నేతగాడు వస్త్రమిచ్చి పుచ్చుకొనును. ఇచ్చట గెలిచినవాడు ఓడినవానికి ఇచ్చినదేమియు లేదు.

ఓడినవాడు తన యిష్టముతోనే ఒడ్డెను గదా యని కొందరందురు. నిజమే. కాని పొరుగువాని బలహీనత అతని సమ్మతివలె కనబడుచుండగా, దానిని మన ఆదాయముగా వ్రాసికొనవచ్చునా?

ప్రియ చదువరీ, ఈ ప్రశ్న పేకబల్లయొద్ద ఆగిపోదు. అవసరములోనున్నవానికి వడ్డీకిచ్చువారము, ఇబ్బందిలో పడి అమ్ముకొనువాని స్థలమును చౌకగా కొనువారము మనలోను కలరు. మన లెక్కలును తప్పవు.

నా మేనల్లుడు ఆట మానెనో లేదో నేనడుగలేదు. నాకొరకు మాత్రము ఒక లెక్కపుస్తకము కొంటిని. జమ, ఖర్చు అను గడుల ప్రక్కన మూడవ గడి యొకటి గీసి, దానిపైన 'ఎవరినుండి' అని వ్రాసితిని. ఆ గడిని నింపుట అన్నిటికంటె కష్టముగా నున్నది.