మౌనం పూర్ణాంగీకారమా?

పీఎన్‌జీ బొమ్మల్ని రాసే లిబ్‌పీఎన్‌జీ లైబ్రరీలో ఒక చిన్న ఫంక్షన్ ఉంది. పేరు 'పీఎన్‌జీ సెట్ రైట్ ఎఫ్ఎన్'. మామూలుగా ఈ లైబ్రరీ తాను తయారుచేసిన బైట్లను ఒక ఫైల్లో రాస్తుంది. అలా వద్దు, ఎక్కడ రాయాలో నేను చెప్తాను అనుకుంటే, మనమే ఒక ఫంక్షన్ రాసి దాని చేతికివ్వొచ్చు. అప్పటి నుంచి లైబ్రరీ బొమ్మని తయారుచేసి, ముక్కముక్కగా మన ఫంక్షన్‌కి అందిస్తుంది. మనం వాటిని మెమరీలో పెట్టుకుంటామా, నెట్‌వర్క్ మీద పంపుతామా, గాల్లో వదిలేస్తామా అన్నది దానికి అక్కర్లేదు.

తయారుచేసేవాడు ఒకడు, చేరవేసేవాడు ఇంకొకడు. మరి చేరకపోతే తప్పెవరిది? చేరలేదని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? కోడ్ రాసేవాళ్లు దీన్ని డిజైన్ ప్రశ్న అంటారు. ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళ్తూ అడవి మొదలయ్యే ఊళ్లలో ఇదే ప్రశ్న భూమి ప్రశ్న అవుతుంది. ఈ రెండూ ఒకటేనని నేననను. కానీ మొదటిదాన్ని దగ్గరగా చూస్తే రెండోదాంట్లో ఎక్కడ మోసం జరుగుతుందో కొంత స్పష్టంగా కనబడుతుంది.

*

ముందు కాస్త చరిత్ర. జిఫ్ బొమ్మల్లో వాడే కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉండేది. దానికి రుసుం కట్టాలన్న సంగతి 1994 చివర్లో బయటికొచ్చింది. జవాబుగా 1995లో కొంతమంది ఇంటర్నెట్ మీదే కలుసుకుని, ఎవరి అనుమతీ అక్కర్లేని కొత్త ఫార్మాట్ ఒకటి తయారుచేశారు. అదే పీఎన్‌జీ.

వాళ్లు దారిని అసలు నమ్మని మనుషులు. ప్రతి పీఎన్‌జీ ఫైలూ ఒకే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది: 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఇందులో 80, 78, 71 ఆ ఫార్మాట్ పేరులోని అక్షరాలే. మిగతావాటి వెనక ఒక్కో అనుమానం ఉంది. ఎనిమిదో బిట్‌ను కోసేసే పాత దారిలో ఫైల్ వెళ్తే 137 చెడిపోతుంది, ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. లైను చివరలను 'సవరించే' ప్రోగ్రాం ఏదైనా మధ్యలో వేలు పెడితే 13, 10 పట్టించేస్తాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి చంక్ చివరా నాలుగు బైట్ల సీఆర్‌సీ ఉంటుంది. అందులో ఒక్క బిట్ మారినా దొరికిపోతుంది.

ఇంత అనుమానంతో పుట్టిన ఫార్మాట్‌ని రాసే లైబ్రరీ, మనం రాసిచ్చిన ఫంక్షన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పూర్తిగా నమ్మేస్తుంది. తానే ఫైల్లో రాస్తున్నప్పుడు, రాయమన్నన్ని బైట్లూ పడ్డాయో లేదో లెక్క చూసుకుంటుంది. తక్కువైతే 'రైట్ ఎర్రర్' అని ఆగిపోతుంది. మన ఫంక్షన్‌ని పిలిచినప్పుడు ఆ లెక్క లేదు. మన ఫంక్షన్ తిరిగి ఇవ్వాల్సిన విలువ 'వాయిడ్', అంటే ఏమీ లేదు. ఏదైనా తప్పు జరిగితే 'పీఎన్‌జీ ఎర్రర్' అనే ఇంకో ఫంక్షన్‌ని పిలిచి మనమే అరవాలి. అరవలేదంటే అంతా సవ్యంగా చేరినట్టే లెక్క.

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. ఇక్కడ మౌనం పూర్ణాంగీకారం.

*

ఈ డిజైన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి ఇందులో ఒక వినయం ఉంది. తన సరుకు ఎక్కడికి పోతుందో తెలియదని ఒప్పుకుని, తెలిసినవాడి కోసం చోటు వదిలిన లైబ్రరీ ఇది. మనం ఇచ్చే పాయింటర్ ఒకదాన్ని అది విప్పి చూడకుండా మోస్తుంది, అడిగినప్పుడు తిరిగి మన చేతిలో పెడుతుంది. 1990ల్లో రాసిన లైబ్రరీ ఇవాళ్టి సర్వర్లలో కూడా పనిచేస్తోందంటే అందులో ఈ వినయం పాత్ర తక్కువేం కాదు. ప్రపంచం ఎలా ఉంటుందో తనకే తెలుసనుకున్న సాఫ్ట్‌వేర్లు చాలా త్వరగా ముసలివైపోయాయి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ వినయాన్ని మనుషులు సాకుగా వాడుకున్నప్పుడు. మా మామయ్య ఒకాయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. దరఖాస్తుల గురించి మాటొస్తే ఒకసారి, "మా పని కాగితం పైకి పంపడం వరకే అల్లుడూ" అన్నారు.

"పైన ఏమైందో మీకెలా తెలిసేది మామయ్యా?"

"తిరిగి రాలేదంటే అయిపోయినట్టే."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, లంచం తీసుకునే మనిషి అంతకన్నా కాదు. ఆయన చెప్పింది అచ్చంగా వాయిడ్ ఫంక్షన్ తత్వం. పని మీదే అధికారం, ఫలం మీద కాదు అన్న గీత మాటని మన ఆఫీసులన్నీ ఇలాగే అర్థం చేసుకున్నాయనిపిస్తుంది. ఫలం మీద ఆశ వదులుకోమనడం వేరు, ఫలం ఎవరి నెత్తిన పడిందో చూడొద్దనడం వేరు. మొదటిది వైరాగ్యమైతే, రెండోది సౌకర్యం.

*

భద్రాచలం ఊరి పేరుతోనే గుర్తొచ్చే కథ కూడా ఒక రకంగా దారి మళ్లిన రాత గురించే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. గోల్కొండకి చేరాల్సిన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు. తానీషా చెరసాలలో పెట్టించాడు. కథ ప్రకారం పన్నెండేళ్ల తర్వాత రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారు.

భక్తిని పక్కనపెట్టి చూస్తే గోపన్న వసూలు చేసే పద్ధతి మార్చలేదు, చేర్చే చోటు మార్చాడు. ఆయన గమ్యం గొప్పదా, తానీషా ఖజానా న్యాయమైనదా అని మనం మూడు వందల ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నాం. నాకు మాత్రం రెండు విషయాలు ఆసక్తిగా అనిపిస్తాయి. ఒకటి, సొమ్ము చేరలేదని గోల్కొండకి తెలిసింది. ఎందుకంటే అందుకోవాల్సినవాడు సుల్తాను. లెక్క చూసుకునే గుమస్తాలూ, చేరకపోతే అరిచే అధికారమూ ఆయనకి ఉన్నాయి. శిస్తు కట్టిన రైతు తన సొమ్ము ఎటు పోయిందని అడిగిన సన్నివేశం ఆ కథలో ఎక్కడా లేదు. రెండోది, సొమ్ము కట్టాక రాముడు ఊరికే వెళ్లిపోలేదు. చెల్లుచీటీ అడిగి తీసుకున్నాడు. దేవుడంతటివాడు కూడా 'ఇచ్చేశాం కదా, చేరే ఉంటుంది' అనుకోలేదు.

*

ఇక అడవి అంచు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉన్న భూమి మీద గిరిజన కుటుంబం హక్కు అడగొచ్చు, నాలుగు హెక్టార్ల వరకు. దరఖాస్తు గ్రామసభతో మొదలై సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీ సుమారు 4 లక్షల ఎకరాలకి సంబంధించింది. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే.

ఆనాడు ఆ చెలకలో సాగు ఉందా లేదా అన్నది ఎలా తేలాలి? ఇక్కడికి బొమ్మ వస్తుంది. ఉపగ్రహ చిత్రం, దాని మీద అడవి హద్దు గీత. కంప్యూటర్ తెర మీద మనం చూసే ఆ హద్దు గీతలు చాలాసార్లు పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ పలకలే. సర్వర్ వాటిని అప్పటికప్పుడు మెమరీలో గీసి నెట్‌వర్క్ మీదికి పంపుతుంది. మ్యాప్‌నిక్ లాంటి మ్యాపు సాఫ్ట్‌వేర్ ఆ పనికి వాడేది నేను మొదట చెప్పిన ఫంక్షన్‌నే.

పీఎన్‌జీలో ఒక్క పిక్సెల్ కూడా నష్టం కాదు. సీఆర్‌సీలన్నీ సరిపోతాయి. బొమ్మ ఎలా బయల్దేరిందో అలాగే చేరుతుంది. అయితే ఆ సరిపోవడం బైట్ల గురించే, భూమి గురించి కాదు. లాండ్‌శాట్ చిత్రంలో ఒక పిక్సెల్ అంటే నేల మీద 30 మీటర్ల చదరం, అంటే 900 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఒక ఎకరం పోడు మొత్తం నాలుగున్నర పిక్సెళ్లు! పైగా పోడు కొట్టినవాళ్లు చెలక మధ్యలో ఉన్న ఇప్పచెట్టుని నరకరు. పువ్వు ఏరుకుంటారు, గింజ నుంచి నూనె తీస్తారు. కొన్నేళ్లు సాగు చేసి బీడుగా వదిలిన చోట తుప్పలు లేస్తాయి. పైనుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి, అడవిలాగే.

ఈ సంగతి చట్టం రాసినవాళ్లకి తెలుసు. అందుకే 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడుగా నిలవొచ్చు గానీ వాటి స్థానాన్ని ఆక్రమించకూడదన్నాయి. దరఖాస్తుదారుడు కాని ఊరి పెద్దల మాటని రాసి పెడితే అదీ సాక్ష్యమే. గట్లు, బావులు, శ్మశానాలు, వేల్పుల చోట్లు కూడా సాక్ష్యాలే. ముసలాయన మాటకి సీఆర్‌సీ ఉండదు. కానీ ఆ చెలకలో ఏ ఏడు ఏం పండిందో అడిగితే ఆయన చెప్పగలడు. నాలుగున్నర పిక్సెళ్లు చెప్పలేవు.

*

బొమ్మ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మౌనం. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకి గురైనవాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలని ఆదేశించింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే నెల 28న కోర్టే ఆ ఆదేశాన్ని ఆపి, అసలు తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలని అడిగింది. అడగాల్సిన ప్రశ్న అదే. ఎందుకంటే కింది కమిటీ నిర్ణయం నచ్చకపోతే పై కమిటీకి మొరపెట్టుకోవడానికి చట్టం 60 రోజులు ఇచ్చింది. ఆ గడువుకి అర్థం ఉండాలంటే నిర్ణయం ముందు మనిషికి చేరాలి. గ్రామసభ సిఫారసుని మారిస్తే, కొట్టేస్తే ఆ సంగతి దరఖాస్తుదారుడికి స్వయంగా తెలియజేయాలని నియమాలు చెప్తున్నది అందుకే. తనని కాదన్నారని తెలియని మనిషి అప్పీలు చేసుకోడు. అప్పీలు రాలేదు కాబట్టి ఒప్పుకున్నాడని ఫైలు రాసుకుంటుంది. ఆ రాతలో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండకపోవచ్చు.

లైబ్రరీకీ ఈ ఫైలుకీ పోలిక తెగిపోయేది సరిగ్గా ఇక్కడే. కోడ్‌లో 'అరవకపోతే చేరినట్టే' అన్న ఒప్పందం చెల్లుతుంది, ఎందుకంటే అరవాల్సినవాడు ప్రోగ్రామర్. అరవడానికి ఏ ఫంక్షన్ పిలవాలో వాడికి తెలుసు. వాడి పిలుపుతో పని అక్కడికక్కడ ఆగిపోతుంది. చర్ల అవతల గూడెంలో ఉన్న మనిషి చేతిలో అలాంటి ఫంక్షన్ లేదు. అతను చేరవేసేవాడు కాదు, చేరాల్సినవాడు. అతని నోట్లోంచి మాట రాలేదు కాబట్టి అంతా బాగుందని తీర్మానించడమంటే, ఒక ప్రోగ్రామర్‌తో చేసుకున్న ఒప్పందాన్ని, ఆ ఒప్పందం ఊసే తెలియని మనిషి మీద రుద్దడం.

ఇదే లైబ్రరీలో ఇంకో చిన్న సంగతి ఉంది. రాసే ఫంక్షన్‌తో పాటు 'ఫ్లష్' అనే రెండో ఫంక్షన్ కూడా ఇవ్వాలి. మధ్యలో నిలిచిపోయిన బైట్లని అవతలికి నెట్టేసే పని దానిది. చాలామంది దాన్ని ఖాళీగా రాసి వదిలేస్తారు. మెమరీలో రాసేటప్పుడు అది ఫర్వాలేదు. అసలేమీ ఇవ్వకపోతే లైబ్రరీ తన మామూలు ఫ్లష్‌ని వాడుకుంటుంది. మనమిచ్చిన పాయింటర్ మామూలు ఫైల్‌దే అని అనుకుంటుంది. అది ఫైల్ కాకపోతే ఏమవుతుందో చెప్పలేం, అలా చెయ్యడం మంచిది కాదని కోడ్‌లోనే వ్యాఖ్య ఉంది. చెప్పకుండా వదిలేసిన చోట వ్యవస్థ ఊరుకోదు, తనకి అలవాటైన మనిషినే అక్కడ ఊహించుకుంటుంది. చదువొచ్చిన, ఫోనున్న, మండలాఫీసుకి బస్సున్న మనిషిని.

*

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. ప్రతి అడుగులోనూ 'చేరిందా, చేరిందా' అని అడుగుతూ కూర్చుంటే పని సాగదు. నిజమే, ప్రతి బైటుకీ రసీదు అడిగే లైబ్రరీని నేనూ వాడను. పైగా రసీదు కూడా అబద్ధం ఆడగలదు. ఫోన్ తెర మీద 'విజయవంతంగా సమర్పించబడింది' అని పచ్చటి అక్షరాలు కనబడతాయి. దాని అర్థం మధ్యలో ఎవరో అందుకున్నారనే, చేరాల్సినవాడికి చేరిందని కాదు.

కాబట్టి నేను అడిగేది రసీదులు పెంచమని కాదు. 'చేరింది' అన్న మాట ఎవరి నోట రావాలన్నదే నా ప్రశ్న. పంపినవాడు చెప్తే అది పంపినట్టు మాత్రమే. అందుకున్నవాడు చెప్తేనే చేరినట్టు. చేరకపోతే నష్టపోయేవాడికి అరిచే దారి ఉన్నచోట మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చు, అది సమానుల మధ్య మర్యాద. ఆ దారి లేనిచోట మౌనాన్ని వైఫల్యంగానే లెక్కించి, మనమే వెళ్లి అడగాలి. నియమాల్లో ఉన్న 'స్వయంగా' అన్న ఒక్క మాటలో ఈ డిజైన్ అంతా ఉంది. అది ఎవరో గిరిజనుడి మీద జాలిపడి పెట్టిన మాట కాదు. ఆ మాట లేకపోతే 60 రోజుల గడువు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు.

మనలో చాలామందిమి రోజూ మధ్యలో ఉండే ఆ ఫంక్షన్లనే రాస్తుంటాం. పైన బొమ్మ తయారుచేసినవాడికి గమ్యం తెలియదు, కింద ఎదురుచూసే మనిషికి కోడ్ తెలియదు. రెండూ కాస్తకాస్త తెలిసేది మధ్యలో ఉన్నవాళ్లకే. వాయిడ్ అని రాసి ఉన్నచోట ఏమీ చెప్పక్కర్లేదని అనుకోవడం తేలిక. కానీ దానర్థం మనల్ని ఎవరూ అడగరనే, చెప్పాల్సింది ఏమీ లేదని కాదు.