జవాబు అందించకండి!

బి.ఏ. పాసై ఇరవై అయిదేళ్ళు దాటినా నాకింకా పరీక్షల కలలొస్తుంటాయి. హాల్ టికెట్టు ఇంట్లో మర్చిపోయినట్టూ, ప్రశ్నపత్రం ఏదో తెలియని భాషలో ఉన్నట్టూ! మీకూ వస్తూనే ఉంటాయి, చెప్పుకోరు గానీ. అయితే నాకు తెలిసిన పరీక్షలన్నిటికీ ధర్మం ఒకటే. మార్కులెక్కువొస్తే సంతోషం, తక్కువొస్తే ఏడుపు. ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళని చూసి జాలిపడే పరీక్ష ఒకటుందనీ, అందులో సున్నా తెచ్చుకున్నవాడే అదృష్టవంతుడనీ 2025 ఫిబ్రవరి దాకా నాకు తెలియదు. ఆ పరీక్షకి కూర్చున్నది నేను కాదు, మా అత్తయ్యగారు. కూర్చున్నదేమిటి, పడుకునే రాశారు పాపం.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. అపార్టుమెంటులో వాకిలేమిటంటారా? లిఫ్టుకీ మా తలుపుకీ మధ్యనున్న నాలుగు పలకల జాగానే ఆవిడకి వాకిలి. పాలపాకెట్టు కోసం తలుపు తీసేసరికి చుక్కలన్నీ పెట్టి ఉన్నాయి గానీ గీతలు కుడివైపే కలిపి ఉన్నాయి. ఎడమ సగం ఒట్టి చుక్కలు.

"ఇంకా అవలేదా అత్తయ్యా?" అన్నాను.

"అయిపోయిందిగా!" అన్నారు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒకవైపుకి జారినట్టుంది. లేవబోయి లేవలేకపోయారు.

ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి నిమ్మరసం పట్టమంది. నేను వంటింట్లోకి పరుగెత్తాను కూడా. మావారు ఆ ఒక్కరోజూ నా మాటా, ఎదురింటావిడ మాటా వినకుండా కారు తీశారు. మంచిపనే చేశారు. మింగే శక్తి ఉందో లేదో చూడకుండా అలాంటివాళ్ళకి చుక్క మంచినీళ్ళు కూడా పట్టకూడదట. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షనుకి వ్యవధి నాలుగున్నర గంటలేనట. ఏడుంపావుకల్లా ఆసుపత్రిలో ఉన్నాం.

అక్కడ మాకు ముందుగా ఎదురైంది ఒక సిస్టరు. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, పార్వతీపురం వైపు యాస. డాక్టరుగారు స్కానింగు గదికి ఫోను చేస్తుండగానే ఆ అమ్మాయి ఒక కాగితం తీసుకుని మంచం పక్కకొచ్చింది.

ఆ కాగితం కథ తరవాత ఓపిగ్గా అడిగి తెలుసుకున్నాను. అమెరికాలో 1980లలో తయారై, 1989లో థామస్ బ్రాట్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ కలిసి ప్రకటించిన కొలబద్ద అది. పక్షవాతం ఎంత గట్టిగా కొట్టిందో అంకెల్లో చెప్పడానికి. పదకొండు అంశాలు. మెలకువ, చూపు, మొహం, చేతులు, కాళ్ళు, స్పర్శ, మాట, ఇలాగ. ఏ లోపమూ కనపడకపోతే సున్నా, అన్నీ పోతే నలభై రెండు. దీనికి నర్సులు ప్రత్యేకంగా తర్ఫీదవుతారు. ఎవరు పరీక్షించినా ఒకే మనిషికి ఒకే అంకె రావాలన్నది దాని వెనక పట్టుదల.

"మామ్మగారూ, ఇది ఏ నెలండీ?" అంది సిస్టరు.

"మాఘం."

ఆ అమ్మాయి పెన్ను ఆగింది. ఫిబ్రవరి అని చెప్పాలనుకుంది కాబోలు. "మా అమ్మమ్మా ఇలాగే సెప్తాది" అని గొణుక్కుని, ఫోనులో పంచాంగం చూసి, ఒప్పేసుకుంది. ప్రశ్న అడిగినవాళ్ళ కాలెండరే కాలెండరు కాదని ఆ పిల్లకి తట్టడం నాకెంత నచ్చిందో చెప్పలేను.

"మీ వయసెంతండీ?"

ఇక్కడొచ్చింది చిక్కు. మా అత్తయ్యగారి వయసు రెండు రకాలు. 1953లో గోదావరి పొంగినప్పుడు ఆవిడకి నాలుగేళ్ళు. నాన్న భుజం మీదెక్కి గట్టుకి చేరడం ఆవిడకి బాగా గుర్తు. ఆ లెక్కన డెబ్భై ఆరు. ఆధార్ కార్డు తీయించినరోజున మావారు తోచిన తేదీ చెప్పేశారు, జనవరి 1, 1953 అని. ఆ లెక్కన డెబ్భై రెండు. కేస్ షీటులో ఉన్నది కార్డు వయసు. ఈ ప్రశ్నకి దగ్గర దగ్గరగా చెబితే చాలదు, సరిగ్గా చెప్పాలి.

నేను వంగి "డెబ్భై రెండని చెప్పండత్తయ్యా, డెబ్భై రెండూ..." అని గుసగుసలాడాను. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో పక్క బెంచీ పిల్లకి అందించినట్టే. ఆవిడ నావైపు తిరగనైనా లేదు. "డెబ్భై ఆరు" అన్నారు. సిస్టరు ఒక అంకె వేసి, తలెత్తకుండానే, "జవాబు అందించకండి మేడం" అంది.

నాకు మొహం మాడిపోయింది. ఆవిడ చెప్పిందే నిజం, కార్డుదే అబద్ధం అని పోట్లాడబోయాను. తీరా ఆ అబద్ధాన్ని అందించింది నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

తరవాత చేతులు. పడుకున్న మనిషి చేతిని నలభై అయిదు డిగ్రీల ఎత్తున పెట్టి వదిలేసి, పైకి వినపడేలా పది లెక్కపెడతారు. కుడిచెయ్యి పది దాకా నిలిచింది. ఎడమచెయ్యి మూడు దగ్గరే వాలడం మొదలైంది. మావారు మెల్లిగా తన అరచెయ్యి కింద పెట్టేశారు. ఆయన అలా చేస్తారని ఆయనకే తెలియదనుకుంటాను.

"తీసెయ్యండి సార్. మళ్ళీ మొదట్నించి."

ఒకటి. రెండు. మూడు. ఆ పది లెక్కపెట్టడానికి ఆ పిల్లకి ఎంతసేపు పట్టిందో! ఆరు దగ్గర చెయ్యి దుప్పటి మీద పడింది. మావారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

చివరగా ఆ ఎడమచేతినే ఎత్తి ఆవిడకి కనబడేలా కుడివైపుకి తెచ్చి, "ఇది ఎవరి చెయ్యి మామ్మగారూ?" అంది సిస్టరు.

"మా కోడలిది" అన్నారు అత్తయ్య తడుముకోకుండా. "గాజులు మాత్రం నావి. అడక్కుండా పెట్టుకుంది."

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ముగ్గు గుర్తొచ్చింది. నేను ఎడమవైపు నిలబడి అందించిన డెబ్భై రెండు ఆవిడకెందుకు వినబడలేదో అప్పుడర్థమైంది. ఆవిడ ప్రపంచంలో ఎడమవైపు అనేదే లేకుండా పోయింది. పోయిందన్న సంగతి కూడా ఆవిడకి తెలియదు.

మొత్తం పది అని రాసింది సిస్టరు.

స్కానింగు చూసి, రక్తస్రావం లేదని నిర్ధారించుకుని, ఇంజక్షనిచ్చారు. ఆ తరవాత ఇరవై నాలుగ్గంటలూ పరీక్షలే పరీక్షలు. మొదటి రెండు గంటలూ పదిహేను నిమిషాలకోసారి, ఆపైన ఆరు గంటలు అరగంటకోసారి, తరవాత గంటగంటకీ. బయట కుర్చీలో కూర్చుని నేను ఉడికిపోతున్నాను. మనిషి ప్రాణం మీదికొస్తే మార్కులేమిటి? ఆ ఒక్క అంకె వెయ్యకపోతే ఆకాశం ఊడిపడుతుందా? ముసలావిడ, పోనీలే అనుకుంటే ఏం పోయింది?

ఏం పోతుందో మర్నాడు ఆ పిల్లే చెప్పింది, బీపీ చూస్తూ. ఇవాళ మీరు జాలిపడి పదిని ఎనిమిది చేశారనుకోండి. రాత్రి ఇంకో సిస్టరొచ్చి చూసి, ఉన్నదున్నట్టు పది వేస్తుంది. రెండు పెరిగిందని అందరూ కంగారు పడతారు, తీరా చూస్తే మనిషి అలాగే ఉంటుంది. లేదా రాత్రి సిస్టరు కూడా మీలాగే జాలిపడి ఎనిమిదే వేస్తుంది, నిజంగా పన్నెండుకి దిగజారిపోయినా. నాలుగు పెరిగితే డాక్టరుని పరుగెత్తించాలి మేడం. ఆ నాలుగూ మన మంచితనంలో దాక్కుంటే ఎలాగ?

"మొదట చెప్పిన జవాబే వెయ్యాలి. పేషెంటు ఏం చేసిందో అదే వెయ్యాలి. చెయ్యగలదని నేననుకున్నది వెయ్యకూడదు" అంది. పాఠం ఒప్పజెబుతున్నట్టు అనలేదు, ఇంటి ఆనవాయితీ చెబుతున్నట్టు అంది.

నాకది సులువుగా మింగుడుపడలేదు. ప్రేమంటే లేని మార్కు వెయ్యడమనే కదా మనమంతా పెరిగింది? పిల్లవాడు వాక్యం మర్చిపోతే తల్లి పెదవులు కదిలిస్తుంది. తాతగారికి చెవుడొస్తే బామ్మ ఆయన బదులు జవాబులు చెబుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు తడబడ్డప్పుడల్లా పూరించేస్తాం. ఆలోచిస్తే అత్తయ్యకి ఆర్నెల్లుగా పేర్లు తట్టకపోతే నేనే అందిస్తున్నాను. వయసుదే అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. ఎవరూ చూడలేదు, నేను చూడనివ్వలేదు.

అలాగని ఆ కాగితం చిత్రగుప్తుడి చిట్టా అని నేననను. దానికీ లోపాలున్నాయి. ఇంగ్లీషు కాగితంలో పలికించవలసిన మాటల్లో మొదటిది 'మామా'. వాళ్ళకది అమ్మ. మా అత్తయ్య చేత అనిపిస్తే గుమ్మంవైపు చూసి మేనమామగారి కోసం వెతుకుతారు. పేర్లు చెప్పమని చూపించే బొమ్మల్లో చేతి తొడుగూ, బ్రహ్మజెముడూ, చెట్ల మధ్య కట్టుకునే ఊయలమంచమూ ఉన్నాయి. బొమ్మ చూసి వర్ణించమనేది ఒక అమెరికా వంటిల్లు. మా సిస్టరు అవన్నీ పక్కనబెట్టి తన తాళంచెవీ, పెన్నూ, కుర్చీ చూపించింది. మన ఊళ్ళలో ఎంతమంది సిస్టర్లకి ఆ పాటి తెలివీ తీరికా ఉంటాయో!

అంతకంటే నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. నలభై రెండులో ఏడు మార్కులు నేరుగా భాషకి సంబంధించినవి. సగం లోకం కనబడకపోవడానికి రెండే. మా అత్తయ్య మాటకారి. ఆవిడకి పోయింది ఎడమ, మిగిలింది నోరు. అందుకని అంకె చిన్నదైంది. మాట పడిపోయిన పక్కమంచం ఆయనది పెద్దది. ఎవరి నష్టం ఎక్కువ? తలతిరిగి నిలబడలేకపోయినా ఈ కొలబద్ద మీద సున్నా వచ్చేవాళ్ళు కూడా ఉన్నారట. సున్నా అంటే రోగం లేదని కాదు, ఈ కాగితానికి కనబడలేదని. దర్జీకి రెండు వేళ్ళు పోతే ఎన్ని మార్కులు వేస్తారు?

తమాషా ఏమిటంటే, పుట్టగానే కూడా మనకి మార్కులేస్తారు. వర్జీనియా ఆప్గార్ అనే డాక్టరమ్మ 1952లో పెట్టింది ఆ పద్ధతి. బిడ్డ పుట్టిన నిమిషానికి రంగూ, గుండె వేగమూ, ఏడుపూ, కదలికా, ఊపిరీ చూసి పదికి ఎన్నో చెబుతారు. అక్కడ మాత్రం ఎక్కువ వస్తేనే మంచిది. మధ్యలో మనం ఒకళ్ళకొకళ్ళం వేసుకునే మార్కులకే ఏ కాగితమూ లేదు.

నా సంగతే చూడండి. ఇరవై రెండేళ్ళ కాపురంలో అత్తయ్యకి నేను వెయ్యని మార్కుల్లేవు. కాఫీలో పంచదార ఎక్కువైందన్నరోజున ఒకటి, మా అమ్మ పంపిన చీర పక్కన పడేసినరోజున మూడు. ఒక్కటీ చూసి వేసింది కాదు, ముందే అనుకుని వేసినవే. ఆవిడ మూడునెలలు నా బాలింతరాలి గది ఊడ్చినప్పుడు వెయ్యవలసినవి అసలు వెయ్యనే లేదు. నా నవలల్లో ముగ్గురు అత్తగార్లున్నారు. పాఠకులు మెచ్చుకున్నారు కూడా. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా నేను పది లెక్కపెట్టేదాకా ఆగానా అని ఆ కుర్చీలో కూర్చుని ఆలోచించాను.

మర్నాడు సాయంత్రానికి అంకె ఆరుకి దిగింది. వార్డులోకి మార్చారు. మింగగలుగుతున్నారని తేల్చుకుని రెండు ఇడ్లీలు పెట్టారు. కుడివైపుది తినేసి, "ఒకటే పెట్టారేం, ఇంత డబ్బు తీసుకుని!" అని విసుక్కున్నారు అత్తయ్య. ప్లేటులో ఎడమవైపు ఇంకొకటి అలాగే ఉంది. సిస్టరు మాట్లాడకుండా ప్లేటు సగం తిప్పింది. "ఇప్పుడు తెచ్చావుటే" అని రెండోది కూడా తిన్నారు.

ఆ రాత్రి ఆ అమ్మాయికే డ్యూటీ. రెండున్నరకి దీపం వేసి, నిద్ర లేపింది.

"మామ్మగారూ, ఇది ఏ నెలండీ?"

"ఫిబ్రవరి. మాఘమంటే నువ్వు మళ్ళీ ఫోను చూసుకోవాలిగా."

సిస్టరు నవ్వు దాచుకుని రాసుకుంది. "మీ వయసెంతండీ?"

నేను ఎడమవైపు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. రెండు జవాబులూ నా నోట్లోనే ఉన్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అత్తయ్య ఆ పిల్లని ఎగాదిగా చూశారు.

"కార్డులోదా, నాదా?"

సిస్టరు పెన్ను గాల్లోనే ఆగిపోయింది. నావైపు చూసింది. నేను మాత్రం నోరు మెదపలేదు.