కలలో పాము, క్లిప్‌బోర్డులో తెలుగు

మా అన్నయ్య కొడుకు వర్చువల్ మెషీన్‌ని చూపించి మాయావాదం చెబుతాడు. "కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, బాబాయ్. లోపలిదానికి బయట ఇంకోటుందనే తెలీదు. గౌడపాదులు కల గురించి చెప్పింది ఇదే కదా?" నాకిది సగమే రుచిస్తుంది. మిగతా సగానికి క్లిప్‌బోర్డ్ అడ్డొస్తుంది.

నాది డీటీపీ పని. బయట లినక్స్, లోపల వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ. అందులో 2001 నాటి పేజ్‌మేకర్ 7, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. లోపల కాపీ చేసింది బయట పేస్ట్ కాకపోతే ముందు డివైజెస్ మెనూ చూడాలి. షేర్డ్ క్లిప్‌బోర్డ్ 'బైడైరెక్షనల్' మీద ఉండాలి. మనం మార్చకపోతే అది మూసే ఉంటుంది. అయినా రాకపోతే లోపలికెళ్లాలి. అక్కడ గెస్ట్ అడిషన్స్ ఎక్కించి ఉండాలి, వీబాక్స్‌ట్రే అనే చిన్న ప్రోగ్రాం నడుస్తుండాలి. టాస్క్ మేనేజర్‌లో దాని పేరు లేకపోతే బయట ఎన్ని మెనూలు నొక్కినా దండగే.

బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం, మొదటి పాదం, 14వ సూత్రం దగ్గర శంకరులు కలలో పాముకాటు ప్రస్తావిస్తారు. మెలకువ వచ్చాక పామూ లేదు, కాటూ లేదు. కలగన్నానన్న ఎరుక మాత్రం రద్దు కాదు. మావాడికి ఇక్కడ హుషారొస్తుంది. "పాము ఆగిపోయింది, టెక్స్ట్ దాటింది!"

దాటిన టెక్స్ట్ చూడరా అన్నాను. లోపల 'బ్రహ్మ' అని చక్కగా కనిపించింది బయట ఇంగ్లిషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, కామాల కలగాపులగం. కోడ్ క్షేమంగానే వచ్చింది. తెలుగు ఆ కోడ్‌లో ఉంటేగా, ఫాంట్ గీసే బొమ్మలో ఉంది! కన్వర్టర్ వేసి, ఒత్తులు దిద్దుకుంటే గాని అది తెలుగు కాదు.

కలలో భయపడ్డవాడికి లేచాక ఏ కన్వర్టరూ అక్కర్లేదు. చూసినవాడే జ్ఞాపకం చేసుకోగలడు కాబట్టి కలగన్నవాడూ లేచినవాడూ ఒక్కడేనని అద్వైతుల వాదం. యంత్రంలో ఆ ఒక్కడు లేడు. బయటిది లోపలిదాన్ని జ్ఞాపకం చేసుకోదు, అడిగి తెచ్చుకుంటుంది, అదీ వీబాక్స్‌ట్రే పలికితేనే. నన్నడిగితే ఈ యంత్రం బౌద్ధుల పక్షం. ఒక క్షణం తన సంస్కారాన్ని తర్వాతి క్షణానికి అందించి పోతుంది, మధ్యలో యజమాని ఎవడూ అక్కర్లేదు అంటారు వాళ్లు. రెండో పాదం 25వ సూత్రంలో శంకరులు ఖండించేది దీన్నే, ఆయన ఆయుధం కూడా జ్ఞాపకమే.

"కొన్ని కలలు పొద్దున్నకి ఆ డిగ్రీ గుర్తుల్లాగే మిగులుతాయిగా బాబాయ్?" అన్నాడు. గట్టి దెబ్బే. మిగులుతాయి, కానీ అవి అర్థం కాలేదని ఫిర్యాదు చేసేది కలగన్నవాడే అన్నాను. ఆ ఫిర్యాదు కూడా చేతులు మారి వచ్చిందేమో అంటాడు బౌద్ధుడు.