మరక ఒకచోట, మూలము వేరొకచోట

దోషము కనబడిన చోటనే దాని మూలముండునని తలచుట మానవునకు సహజము. ఈ తలంపు ఎంత దూరము నిలుచునో యొక సామాన్యయంత్రమే చూపగలదు.

తపతీతీరమందలి సూరతు నగరమున, లింబాయతు వంటి పేటలలో తెలుగు నేతపనివారు చాలకాలముగా నివసించుచున్నారు. అట్టి పేటలో ఒక గృహస్థుని వాకిట, కారు నిలిచిన చోట, ఉదయమున నల్లని చమురు మరక కనబడినదనుకొందము. అతడు మరకపై ఇసుక చల్లి మరచిపోవచ్చును. తరిగిన చమురును వారము వారము నింపుకొనవచ్చును. లేదా కారణమును వెదకి సరిచేయవచ్చును. మొదటిది కప్పుట, రెండవది నింపుట, మూడవది దిద్దుట.

నింపుట తప్పు కాదు. డిప్‌స్టిక్‌పై చమురు క్రింది గీతకంటె దిగినచో నింపియే బండిని కదలింపవలెను. చమురు లేని ఇంజనులో లోహము లోహముతో రాసికొని, కొలది నిమిషములలోనే చెడిపోవచ్చును. అయినను అది ప్రాణరక్షణమే గాని చికిత్స గాదు. కారిన చమురు కాగిన సైలెన్సరు గొట్టముపై పడినచో నిప్పంటుకొను భయమును కలదు.

శోధనలో మొదటి చిక్కు ఇది: చమురు ఊరినచోటనే నేలరాలదు. ఇంజను పైభాగమున ట్యాపెట్ కవరు గాస్కెట్ నుండి ఊరిన చమురు గోడవెంట జారి, పరుగుగాలికి వెనుకకు పోయి, అడుగుననున్న ఆయిల్ చాంబరు అంచునుండి బొట్లుగా రాలును. అడుగును మాత్రమే చూచినవాడు చాంబరును నిందించును. నేర్పరియైన మెకానిక్కు ముందుగా ఇంజనును కడిగి తుడిచి, బండిని కొంత నడిపి, తడిసిన భాగములలో మిక్కిలి ఎత్తుననున్న దానిని వెదకును. పాత మలినము నడుమ క్రొత్త చుక్క కనబడదు గదా! శోధనకు శుద్ధియే మొదటి మెట్టు.

సూరతు నగరమే దీనికి సాక్షి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలాది జనులు ఊరు విడిచిపోయిరి. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను ప్రతిదినమును కచేరీ గదులనుండి వీధులలోనికి నడిపించెను. చెత్త నిలుచు చోటికే పోయి చూచుటవలన నగరము మారెను.

రెండవ చిక్కు సూక్ష్మమైనది. గాస్కెట్టును, సీలును మార్చినను కొన్ని బండ్లు నెల తిరుగకుండ మరల కారును. పిస్టన్లను దాటి కొంత వాయువు ఎల్లప్పుడును ఇంజను గర్భములోనికి దిగుచుండును. అది బ్రీదరు గొట్టముద్వారా వెలువడవలెను. మడ్డి పేరుకొని ఆ దారి మూసికొనినచో, లోపలి ఒత్తిడి పెరిగి బలహీనమైన సందునుండి చమురును వెలికి త్రోయును. దారిని శుభ్రపరుపనిదే ఎన్ని సీళ్లు మార్చినను ఫలము లేదు.

కోపము సంగతియు నిట్టిదే. అది ఇల్లాలిపైనో పనివానిపైనో పడును. పుట్టినది మాత్రము అప్పుల చింతలోనో, మ్రింగుకొనిన అవమానములోనో. ‘ఇక కోపపడను’ అను శపథము క్రొత్త సీలువంటిది. లోపలి ఒత్తిడికి ఆప్తునితో చెప్పుకొనుట, ప్రార్థన వంటి మంచి దారి తెరువనిచో ఆ శపథము నిలువదు. నిగ్రహము లేని ఇంద్రియమును మనుస్మృతి రెండవ అధ్యాయము చిల్లుపడిన నీటితిత్తితో పోల్చియున్నది.

అట్లని బిగింపు మితిమీరరాదు. బోల్టులను అతిగా బిగించినచో గాస్కెట్ నలిగి మరల కారును. ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, సమముగా బిగింపవలెను. మనసును నిగ్రహించువానికిని ఇదియే పద్ధతి.

మూలము వేరొకచోటనున్నంత మాత్రమున మరకకు బాధ్యత తొలగునా? తొలగదు. కారణము లోపల నెక్కడనో యున్నదని చెప్పి వాకిటి చమురును విడిచిపెట్టినచో, పొరుగువాని కాలు జారునది అచ్చటనే. నొచ్చినవానిని క్షమాపణ వేడుటకును, తన లోపలికి చూచుకొనుటకును రేపటిని ఎదురుచూడ నక్కరలేదు.