తండ్రి కాపలా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఎక్కడి నుంచి చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇంట్లో గాజుతొట్టిలో సముద్రపు క్లౌన్ చేపను పెంచవచ్చు. లీటరు నీటికి దాదాపు 35 గ్రాముల చొప్పున, అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు.

ఆడచేప రాతి మీద నారింజరంగు గుడ్లు అతికిస్తుంది. ఆ తర్వాత చాకిరీ చాలావరకు మగచేపదే. రెక్కలతో విసురుతూనే ఉంటుంది, పాడైన గుడ్డును నోటితో ఏరేస్తుంది. వారం తిరిగేసరికి ఒక్కో గుడ్డులో రెండేసి వెండికళ్లు మెరుస్తాయి. దీపం ఆర్పాక, చీకట్లో, పిల్లలు బయటికొస్తాయి. వాటి నోరు ఎంత చిన్నదంటే, తొలిమేత కంటికి సరిగా ఆనని రోటిఫర్లనే సూక్ష్మజీవులే. అవి అందకపోతే పిల్లలు దక్కవు.

ఇలాంటి కాపలా మన చెరువుల్లోనూ ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, మన కొర్రమట్టనే చూడండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, కిందే పెద్దచేప కాపు కాస్తుంది. ఆ గుంపు జాడ పట్టే కొందరు గాలం వేస్తారు. పెద్దది పోతే పిల్లలు కొంగల పాలే. దయచేసి, పిల్లలతో ఉన్న కొర్రమట్టను పట్టకండి.